బ్రాంప్టన్ వాకిట్లో ఆటవెలది

పోయిన జనవరిలో ఒకరోజు తెల్లవారుజామున ఐదున్నరకి పార పట్టుకుని తలుపు తీశాను. రాత్రంతా మంచు కురిసింది. గుమ్మం దగ్గర్నుంచి వీధి చివరిదాకా ఒక్క అడుగుజాడ లేదు. వీధిదీపం వెలుగులో ఆ తెలుపు చూడగానే తెనాలి పక్కన మా ఊరు, నెలపట్టిన రోజులు, చాప మీద అమ్మ ఆరబోసిన ముగ్గుపిండి గుర్తొచ్చాయి. ఆ పిండి జోలికి వెళ్తే అమ్మ ఊరుకునేది కాదు. ఇప్పుడు నేను పార తీసుకుని దాన్నే తవ్విపొయ్యాలి. లేకపోతే కారు బయటికి రాదు, అల్లుడు ఆఫీసుకి వెళ్ళలేడు.

ఒక పారెడు ఎత్తి పక్కన పోశాను. రెండో పారెడు ఎత్తలేక మెట్టు మీద కూర్చున్నాను. అప్పుడే నోటికి ఒక పాదం వచ్చింది. మిగతా మూడు పాదాలకి నాలుగు రోజులు పట్టింది.

మంచు కురిసె రాత్రి మాయింటి ముంగిట
అమ్మ ముగ్గుపిండి యారబోసె
చేత పార పట్టి చెరపబోయిన నాకు
గుండె యొప్పలేదు, కూలబడితి

ఇది ఆటవెలది. వేమన పద్యాలు ఎక్కువగా ఉన్న ఛందస్సు. బడిలో అందరం బట్టీపట్టినదే. నేను పండితురాలిని కాను. చాలా ఏళ్ళు టొరాంటోలో ఒక కంపెనీలో లెక్కలు రాశాను. నాన్నగారు హైస్కూల్లో తెలుగు మాస్టారు, ఆయన దగ్గర నేర్చుకున్నదే నా చదువు. ఈ కాలంలో, అందులోనూ ఈ కెనడాలో, పద్యం రాయడమేమిటని అడిగేవాళ్ళు చాలామంది. ఒకసారి ఉగాది కవిసమ్మేళనంలో ఒక పెద్దాయన, "ఇంకా పద్యాలేమిటమ్మా, కాలం మారింది కదా" అన్నారు. ఆయనకి అక్కడే జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇది.

ముందు పద్యం ఎలా నడుస్తుందో చెబుతాను. తెలుగు అక్షరాన్ని పలికే సమయాన్ని బట్టి రెండు రకాలు చేశారు. చిటిక వేసినంత సేపట్లో పలికేది లఘువు. దానికి రెట్టింపు పట్టేది గురువు. దీర్ఘం ఉన్నా, సున్నా ఉన్నా, పొల్లు కలిసినా, తర్వాతి అక్షరం ద్విత్వమో సంయుక్తమో అయినా అది గురువే. ‘మంచు’లో మం గురువు, చు లఘువు. ‘అమ్మ’ కూడా అంతే. ఈ గురులఘువుల గుంపులే గణాలు. ఆటవెలదికి రెండు జాతుల గణాలు చాలు. సూర్యగణాలు రెండే: గురువు వెంట లఘువు వస్తే హగణం, మూడూ లఘువులైతే నగణం. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. ఒకటో పాదంలో, మూడో పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో, నాలుగో పాదంలో అయిదూ సూర్యగణాలే. మంచు, కురిసె, రాత్రి, మాయింటి, ముంగిట. మొదటి పాదం విరిచి చూస్తే ఇదే లెక్క.

ఇక యతి. పాదంలో మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ స్నేహం ఉండాలి. మంచులో ‘మం’, మాయింటిలో ‘మా’. అమ్మలో ‘అ’కీ యారబోసెలో ‘యా’కీ స్నేహమేమిటని అడగొచ్చు. పిండి, ఆరబోసె కలిసినప్పుడు మధ్యలో య్ వచ్చి చేరింది, లోపల ఉన్నది ‘ఆ’నే. చేతకి చెరపకి కుదిరింది. గుండెలో ‘గు’, కూలబడితిలో ‘కూ’ ఒకే వర్గం అక్షరాలు, అచ్చులు కూడా కలిశాయి. వృత్తాల్లోనూ కందంలోనూ ఉండే ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలన్న నియమం, ఆటవెలదికి లేదు. కొత్తగా రాయబోయేవాళ్ళకి నేను ఆటవెలదే చెబుతాను.

ఆ నాలుగో పాదం సంగతి వివరంగా చెప్పాలి. నేను మొదట రాసింది ‘గుండె యొప్పలేదు నిలిచిపోతి’ అని. గణాలన్నీ సరిపోయాయి. కాని గుండెలో ‘గు’కీ నిలిచిలో ‘ని’కీ యతి కుదరదు. క, ఖ, గ, ఘల్లో ఒక హల్లుకి ఉ, ఊ, ఒ, ఓల్లో ఒక అచ్చు చేరిన అక్షరం కావాలి. గొంతు, కోరి, కుమిలి, గోడు... రెండు రోజులు వెతికాను. మూడోరోజు రైల్లో ‘కూలబడితి’ దొరికింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ తెల్లవారుజామున నేను నిలిచిపోలేదు. నిజంగానే మెట్టు మీద కూలబడ్డాను. నేను తోచిందేదో రాసేశాను. యతి పట్టుబట్టి నాచేత జరిగింది రాయించింది. నియమాలు కవి చేతులు కట్టేస్తాయనేవాళ్ళకి నేను ఈ ఒక్క మాటే చూపిస్తాను.

ఆ రైలు కిచెనర్ లైను గో ట్రైను. పనికి వెళ్ళిన రోజుల్లో బ్రాంప్టన్ నుంచి యూనియన్ స్టేషన్‌కి రానూపోనూ నాకు అదే పాఠశాల. ఇప్పటికీ వారానికోసారి లైబ్రరీ పని మీద ఎక్కుతాను. చేతివేళ్ళ కణుపుల మీద బొటనవేలు ఆనించుకుంటూ లెక్కపెడతాను. అమ్మ జపం చేసుకున్నట్టే ఉంటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు కూడా నాది జపమనే అనుకుంటారు. స్టేషన్ల పేర్లు వస్తుంటే వాటినీ విరిచి చూడటం అలవాటైంది. బ్రామలీ: గురువు, లఘువు, గురువు. అది రగణం. మాల్టన్‌కి తెలుగు ఉకారం చేర్చి మాల్టను అంటే గురువు, రెండు లఘువులు, భగణం. వెస్టనూ అంతే, మా బ్రాంప్టనూ అంతే. అన్నీ ఇంద్రగణాలే! తేటగీతి పద్యంలో ప్రతి పాదానికీ ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు కావాలి. ‘మంచు బ్రామలీ వెస్టను మాయచేసె’ అంటే ఒక పాదం తయారు. ఇక్కడ బ్రా ముందున్న ‘చు’ గురువైపోదా అని ఛందస్సు తెలిసినవాళ్ళు అడుగుతారు. అవి సమాసం కాని విడి మాటలు కాబట్టి లఘువుగానే ఉంటుంది.

టొరాంటో చాలా ఇబ్బంది పెట్టింది. టొ లఘువు, రాం గురువు, టో గురువు. అది యగణం. సూర్యగణాల్లో లేదు, ఇంద్రగణాల్లో లేదు. ఎన్నో నెలలు ఆ ఊరు నా పద్యంలోకి రాలేదు. తర్వాత ఒకరోజు ముందు ‘మన’ చేర్చి చూశాను. మనటొ, రాంటోకు. మూడు లఘువులు ఒక నగణం, ఆ వెంట రెండు గురువులు, ఒక లఘువు, తగణం. తేటగీతి పాదం ఎత్తుగడకి అచ్చంగా సరిపోయింది. ‘మన’ అంటేనే టొరాంటో పద్యంలోకి వచ్చింది. ఇక్కడికి వచ్చాక ఆ మాట అనడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది కాబట్టి ఇది నాకు చిన్న విషయం కాదు.

నయాగరా సంగతి ఇంకా బావుంటుంది. దాని మొదటి మూడక్షరాలు లఘువు, గురువు, లఘువు. జగణం. కందపద్యంలో బేసి గణాల్లో జగణం పనికిరాదు. కాని ఆరో గణం జగణమో, నాలుగూ లఘువులైన నలమో అయి తీరాలి. కందం రాయడానికి కూర్చున్న ప్రతివాళ్ళూ తడబడేది ఆ ఆరో గణం దగ్గరే. అక్కడ ‘నయాగ’ తానే వచ్చి కూర్చుంటుంది. జలపాతం మీద కందం రాయాలనుకునే తెలుగువాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవచ్చు.

పరాయి ఊళ్ళ పేర్లు పద్యంలో పెడితే అపచారం అనుకునేవాళ్ళకి శ్రీనాథుణ్ణి చూపించాలి. సుమారు 600 ఏళ్ళ కిందట ఆయన హరవిలాసాన్ని అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకుడికి అంకితమిచ్చాడు. ఆ సెట్టి ఓడల్లో సరుకులు తెప్పించేవాడు. సింహళం ఏనుగులు, హురుమంజి గుర్రాలు, చీనా పట్టు, అన్నీ శ్రీనాథుడి సీసంలోకి దిగుమతి అయ్యాయి. హురుమంజి అంటే ఇవాళ మనం పేపర్లలో చదివే హోర్ముజ్. ఆ పేర్లు ఆ రోజుల్లో జనం చెవులకి ఎంత కొత్తో, ఇవాళ బ్రామలీ అంతే కొత్త. శ్రీనాథుడు వాటిని చూసి జంకలేదు.

నేను మాత్రం చాలాకాలం జంకాను. ఇక్కడికొచ్చిన మొదటి పదేళ్ళలో రాసిన పద్యాల నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. అందులో కోయిలలున్నాయి, మావిచిగుళ్ళున్నాయి, మలయమారుతం ఉంది. ఉగాదికి ఇక్కడ కిటికీ బయట చెట్లకి ఒక్క ఆకు ఉండదు. వేపపువ్వు ఊరినుంచి ఎండబెట్టి తెచ్చుకున్నదే. మంచు మీద రాసిన మొదటి పద్యంలో ఒక పాదం ‘ధవళ హిమము గప్పె ధరణి నెల్ల’. చూడండి, అయిదు సూర్యగణాలూ ఉన్నాయి, ధకి ధ యతి. వేలుపెట్టి తప్పు చూపించడానికి ఏమీ లేదు. కాని అందులో మంచు లేదు. చలి లేదు, పార లేదు, నేను లేను. పుస్తకాల్లో చదివిన మాటలు పుస్తకాల్లోంచే వచ్చి కాగితం మీద కూర్చున్నాయి. పాతపడింది ఛందస్సు కాదు, నా చూపు. పద్యం అనగానే నాకు తెలియకుండానే ఇంట్లో మాట్లాడే తెలుగు పక్కనపెట్టి, ఎవరూ మాట్లాడని తెలుగు కట్టుకుని కూర్చునేదాన్ని.

నాన్నగారు బతికుంటే అప్పుడే దిద్దేవారు. మా చిన్నప్పుడు తెనాలి చుట్టుపక్కల ఊళ్ళల్లో పద్యనాటకం వేస్తే తెల్లవార్లూ జనం. తిరుపతి వేంకటకవులు రాసిన పాండవోద్యోగ విజయాల పద్యాలు చదువురాని రైతులకి కూడా నోటికి వచ్చేవి. రాయబారం సీనులో కృష్ణుడు రాగం తీసి పద్యం ముగించగానే ‘వన్స్‌మోర్’ అని కేకలు. నేను నాన్న ఒళ్ళో నిద్రపోతూ ఆ కేకలకి ఉలిక్కిపడి లేచేదాన్ని. దారిలో నాన్న చెప్పేవారు: "అమ్మాయీ, ఆ పద్యాలెందుకు నిలబడ్డాయో తెలుసా? అందులో మాట్లాడే మాటలున్నాయి. చెవితో రాసి, తర్వాత వేళ్ళతో సరిచూసుకోవాలి." ఆ మాట నాకు అర్థమవడానికి సముద్రాలు దాటాల్సి వచ్చింది.

పద్యం మీద జరిగిన యుద్ధాలు నాకు తెలియనివి కావు. గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం పోరాడారు. గురజాడ 1910లో ముత్యాలసరాలతో కొత్త నడక వేశారు. 1939లో పఠాభి ఫిడేలు రాగాల డజన్‌తో పద్యం మీద బాహాటంగానే తిరగబడ్డారు. వాళ్ళంతా రాయకపోతే నాలాంటి ఆడపిల్ల ఇంటి మాటల్లో రాయడానికి ధైర్యం చేసేది కాదు. కాని 1941లోనే గుర్రం జాషువాగారు ఏం చేశారో చూడండి. కాళిదాసు మేఘుడి చేత సందేశం పంపిస్తే ఆయన గబ్బిలం చేత పంపించారు. పంపింది యక్షుడు కాదు, అంటరానివాడని ఊరవతల పెట్టిన మనిషి. గుడి తలుపులు ఆ మనిషికి మూసి ఉంటాయి, గబ్బిలానికి తెరిచి ఉంటాయి. ఈ మాట చెప్పడానికి వినుకొండలో పుట్టిన ఆ కవి ఎంచుకున్నది పై కులాల సొత్తనుకున్న వృత్తాలనే. ఉత్పలమాలకి కులం లేదని ఆయన రాసి చూపించారు. ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు పద్యం చేసిన పనుల్లో దానికంటే గొప్పది మరొకటి ఉందని నేను అనుకోను.

ఇది ఒక్క మన గోలే కాదు. కెనడాలో పి.కె. పేజ్ అనే గొప్ప కవయిత్రి ఉండేవారు. 1916లో ఇంగ్లండులో పుట్టి, పసితనంలోనే ఇక్కడికొచ్చి, ఆల్బర్టాలో పెరిగారు. 2010లో విక్టోరియాలో పోయారు. దాదాపు 78 ఏళ్ళ వయసులో, 1994లో, ఆవిడ ‘హోలోగ్రామ్’ అనే పుస్తకం వేశారు. అందులో ఉన్నవి గ్లోసాలు. గ్లోసా 15వ శతాబ్దం నాటి స్పెయిన్ ఆస్థాన కవుల ప్రక్రియ. వేరే కవి రాసిన నాలుగు పాదాలు తీసుకోవాలి. వాటిమీద పదేసి పాదాల ఖండికలు నాలుగు అల్లాలి. ఒక్కో ఖండిక పదో పాదంగా ఆ కవి పాదం ఒక్కొక్కటే వచ్చి అతకాలి. ఆరో పాదం, తొమ్మిదో పాదం దాంతో అంత్యప్రాస కలవాలి. లైబ్రరీలో ఆ పుస్తకం ముందుమాట చదువుతుంటే నాకు మన సమస్యాపూరణం కళ్ళముందు కదిలింది. అవధానంలో పృచ్ఛకుడు ఆఖరి పాదం ఇస్తాడు, అవధాని పై మూడు పాదాలూ కట్టి దానికి అర్థం కుదురుస్తాడు. ఇచ్చిన పాదం దగ్గరికి దారి వేసుకుంటూ వెళ్ళడమే రెండిట్లోనూ పని. పేజ్ రిల్కే పాదాలు తీసుకున్నారు, నెరూడా పాదాలు తీసుకున్నారు. ఎక్కడో స్పెయిన్ రాజుల కొలువులో పుట్టిన నియమాన్ని కెనడాలో ఒక పెద్దావిడ అక్షరం పొల్లుపోకుండా పాటించి తన మలివయసు దిగులూ ప్రేమా చెప్పుకున్నారు. అది చదివినరోజే నా పాత నోటుబుక్కు మూసి కొత్తది కొన్నాను.

న్యూ బ్రన్స్‌విక్‌లో ఉన్న జాన్ థామ్సన్ కథ వేరు. ఆయన ఇంగ్లీషులో గజళ్ళు రాశారు. 1976లో, 38 ఏళ్ళకే పోయారు. ఆయన పోయాక 1978లో ‘స్టిల్ట్ జాక్’ అచ్చయింది. అందులోనూ 38 గజళ్ళు. ఉర్దూ, పారసీ గజల్‌కి ప్రాణమైన రదీఫు (తిరిగి తిరిగి వచ్చే మాట), కాఫియా (దాని ముందు వచ్చే ప్రాస) ఆయన వదిలేశారు. ద్విపదలు ఒకదానికొకటి అంటకుండా దూకే ఆ నడక మాత్రం పట్టుకున్నారు. మంచి కవిత్వమే. అయినా నా మనసు పేజ్ వైపు. ఒక ప్రక్రియని అరువు తెచ్చుకున్నప్పుడు దాని కష్టంతో సహా తెచ్చుకోవాలని నా పట్టుదల.

మనవాళ్ళల్లో ఆ కష్టం తీసుకునేవాళ్ళు తగ్గలేదు. అమెరికాలో స్థిరపడిన జెజ్జాల కృష్ణమోహనరావుగారు ‘ఈమాట’ పత్రికలో ఛందస్సు మీద రాసిన వ్యాసాలు చదివితే, ఒక్కో వృత్తం ఎక్కడ పుట్టి ఏ భాషల మీదుగా మన దగ్గరికొచ్చిందో తెలుస్తుంది. దిలీప్ మిరియాల ‘ఛందం’ అనే సాఫ్ట్‌వేర్ చేశారు. పద్యం టైపు చేస్తే గణాలు విడగొట్టి, యతిప్రాసలు సరిచూసి చెబుతుంది. నాన్నగారు ఎర్ర సిరాతో చేసిన పని అది క్షణంలో చేస్తుంది. కరోనా రోజుల్లో జూమ్‌లో అవధానాలు జరిగాయి. తలా ఒక దేశంలో కూర్చున్న పృచ్ఛకులు నిషిద్ధాక్షరి అడగడం నేను చూశాను. అవధాని ఒక అక్షరం చెప్పగానే తర్వాత ఫలానా అక్షరం రాకూడదని పృచ్ఛకుడు అడ్డు వెయ్యాలి. నెట్‌వర్కు ఆగి ఆగి వస్తున్నా అవధాని ధార ఆగలేదు. ‘ఛందం’ లాంటి యంత్రం తప్పు ఉంటే చూపిస్తుంది. కాని నా ‘ధవళ హిమము’కి అది ఏ తప్పూ చూపించదు. అక్కడ మన చెవే దిక్కు.

మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. శనివారం తెలుగు తరగతికి వెళ్తుంది. వేమన పద్యాలు పది చెబుతుంది, అర్థాలు సగం తెలుసు. ఈ శీతాకాలంలో తనకి గురులఘువులు నేర్పాను. అచ్చుల పేర్లు, సంధుల పేర్లు ఏమీ చెప్పలేదు. డైనింగ్ టేబుల్ మీద గురువుకి అరచేత్తో, లఘువుకి వేలితో కొట్టమన్నాను. అరగంటలో పట్టేసింది. ఇప్పుడు కారులో వెళ్తుంటే బోర్డులన్నీ కొడుతూ ఉంటుంది. ఒకరోజు పొద్దున్నే మంచు తోసే బండి వీధిలోకి వస్తే కిటికీ దగ్గర నుంచుని అడిగింది, "అమ్మమ్మా, స్నోప్లౌ ఏ గణం?" రెండూ గురువులే, ఉన్నదున్నట్టుగా అయితే కందంలో ఇముడుతుంది అన్నాను. కాసేపు వేళ్ళతో కొట్టుకుని, "‘స్నోప్లౌను’ అంటే?" అంది. గురువు, గురువు, లఘువు. తగణం. ఆటవెలదిలో మూడు సూర్యగణాల తర్వాత వేసుకోవచ్చు. ఆ ‘ను’ చేర్చాలని నేను చెప్పలేదు. తెలుగు వాక్యంలో ఇంగ్లీషు మాటని ఎలా కూర్చోబెట్టాలో దాని చెవికి తెలిసిపోయింది.

విదేశాల్లో ఉన్న తెలుగు తల్లిదండ్రులకీ, అమ్మమ్మలకీ తాతయ్యలకీ ఒక మాట. పిల్లలకి పద్యాలు బట్టీపట్టించి వేదిక ఎక్కించి దింపేయకండి. ఆ పద్యం ఎలా కట్టారో కూడా చూపించండి. రోజుకి పది నిమిషాలు చాలు. మీ వీధి పేరు, మీ బస్‌స్టాప్ పేరు, మీ పిల్లల స్నేహితుల పేర్లు కాగితం మీద రాసి గురులఘువులు గుర్తించండి. సూర్యగణం తేలితే ఒకవైపు, ఇంద్రగణం తేలితే ఇంకోవైపు రాయండి. వారం తిరిగేసరికి ఒక ఆటవెలదికి సరిపడా సరుకు చేరుతుంది. యతి కుదరకపోతే మాట మార్చండి, జరిగిన సంగతి మార్చకండి. రాసినవి నాకు వినిపిస్తే సంతోషిస్తాను.